గాలి పడవకి రేకు నంబరు

కట్లక్కకి కోపం లేదని అనేవాళ్ళకి ఆమె సంగతి తెలియదు. కోపం ఉంది, బోలెడుంది. కాకపోతే పుండు ముందు కూర్చున్న మనిషికి కోపం పనికిరాదని పెద్దాసుపత్రిలో కట్లు కట్టే గది ఆమెకి నేర్పింది. చెయ్యి కాస్త విసురుగా కదిలితే చాలు, అవతలి మనిషి ప్రాణం విలవిల్లాడిపోతుంది. అందుకని ఉద్యోగం చేసినన్నాళ్ళూ డాక్టర్లు విసుక్కున్నా, రోగుల చుట్టాలు నోరు పారేసుకున్నా, ఆమె దూది తడుపుకుంటూ ఊఁ కొట్టేది. ఆ ఊఁ వెనక ఎంత దాచుకుందో ఇంట్లో గిన్నెలకి తెలుసు. సాయంత్రం పెరట్లో అంట్లు తోమే చప్పుడు గట్టిగా వినిపించిందంటే తమ్ముడూ మరదలూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

రిటైరయ్యాక కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోవచ్చు. ఎవరొద్దన్నారు? కానీ ఆసుపత్రికి రాలేనివాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఆమెకి కంఠతా వచ్చు. ఫలానా సందులో మంచం పట్టిన టైలరు వీపు, ఫలానా మేడ కింద దర్జాగా పడుకుని అందరినీ తిట్టే ముసలామె మడమ. మనుషుల పేర్లు మర్చిపోయేది గానీ పుళ్ళని మర్చిపోయేది కాదు. సంచిలో దూది, గాజుగుడ్డ, కత్తెర, సెలైన్ సీసా వేసుకుని బయల్దేరేది. ఎవరైనా డబ్బివ్వబోతే, "ఉంచండి, దూదికి చాలకపోతే అడుగుతాలే" అనేది. అడిగిన పాపాన పోలేదు. అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తులేనంతగా ఆమె కట్లక్క అయిపోయింది.

ఆమె రోగులందరిలోకీ దూరంగా ఉన్నవాడు మేస్త్రీ. ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళకి అవతలి ఒడ్డున, మూతపడ్డ రాళ్ళ క్వారీ పక్కన, పనివాళ్ళ కాలనీ ఒకటుంది. క్వారీ ఆగిపోగానే పోగలిగినవాళ్ళు పోయారు, పోలేనివాళ్ళు మిగిలారు. మేస్త్రీ, ఆయన భార్య ఆ మిగిలినవాళ్ళలో ఉన్నారు. మేస్త్రీకి షుగరు. కుడికాలి బొటనవేలి కింద ఎప్పుడో రాయి గుచ్చుకుని పుండైంది. అక్కడి ఆరోగ్య కేంద్రానికి తాళం, ఆ తాళానికి తుప్పు. భార్యకి చూపు సరిగ్గా ఆనదు. కట్టు మార్చే దిక్కు లేక ఆ పుండు ఎముక దాకా పోయే రోజుల్లో కట్లక్క కంటబడింది.

మేస్త్రీ పాదాలు మామూలు పాదాలు కావు. చెప్పుల షాపుల్లో ఆయన సైజు దొరక్క టైరు ముక్కలు కోసి సొంతంగా కుట్టుకునేవాడు. మొదటిసారి కట్టు విప్పినప్పుడు కట్లక్క ఆ పాదాన్ని ఇటూ అటూ చూసి, "అన్నయ్యా, దీనికి కట్టు చాలదు, చీర కట్టాలి" అంది. మేస్త్రీ పగలబడి నవ్వాడు. కాలు కదలకుండా నవ్వడం వచ్చిన మనిషి. ఆ రోజు నుంచీ రోజు విడిచి రోజు ఆమె వెళ్ళడం, మేస్త్రీ భార్య పాత ప్లాస్టిక్ షీటు తెచ్చి పాదం కింద పరవడం, పుండు కడిగి కట్టు మార్చడం, ఒక గ్లాసు టీ తాగి తిరిగి రావడం అలవాటైపోయింది. పుండు మానుతోంది కూడా. అడుగున ఎర్రటి కొత్త కండ కనపడిన రోజున కట్లక్క ఇంటికొచ్చి మరదలికి ఆ కండ రంగు వర్ణించి చెప్పింది. మరదలు అన్నం ముందు కూర్చుని ఉంది. పాపం, కంచం పక్కకి జరిపి "చాలా సంతోషం వదినా" అంది.

అవతలికి వెళ్ళడానికి దారి గాలి పడవ. నీళ్ళ ఒడ్డున బోటింగ్ నడిపినవాళ్ళు మూసేసి పోతూ సామాను అమ్ముతుంటే కట్లక్క తమ్ముడు చవగ్గా కొనుక్కొచ్చాడు. తమ్ముడికి బైకులు బాగుచేసే షెడ్డుంది. పడవంతా రబ్బరు. కాలి పంపుతో ఊదితే నలుగురు కూర్చోవచ్చు, గాలి తీసి చుడితే ఆటోలో పడుతుంది. వెనక వైపు ఒక చెక్క, ఆ చెక్కకి బిగించుకునే చిన్న మోటారు. "ఇంట్లో పరుపులు చాలక ఇదొకటా" అని మరదలు సణిగింది గానీ, మోటారు తిప్పడం వదినగారికి దగ్గరుండి నేర్పించింది ఆవిడే. పడవ మీద కట్లక్కకి నీళ్ళు దాటడం కాసేపటి పని. బస్సులో అయితే కొండంతా చుట్టి వెళ్ళాలి, ఒక పూట పోతుంది. ఆ రాళ్ళ దారిలో బైకులూ ఆటోలూ పోవు. పైగా ఆ బస్సు వారానికి రెండుసార్లు, అదీ దాని ఆరోగ్యం బాగుంటేనే.

ఇంతలో ఎక్కడో ఏదో పడవ మునిగిందట. మునిగినదానికి నంబరు ఉందా లేదా అని అడిగినవాడు లేడు. ఎందుకు మునిగిందని అడిగినవాడు అసలే లేడు. కానీ మోటారున్న ప్రతి పడవకీ ఇకమీదట ప్రభుత్వ నంబరు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఒక పొద్దున కట్లక్క రేవులో పడవ ఊదుకుని, మోటారు బిగించుకుని, సంచి లోపల పెట్టుకునేసరికి కొత్త యూనిఫాంలో ఒక గార్డు ఎదురుగా నిలబడ్డాడు.

"నంబరేదమ్మా?"

"ఏ నంబరు బాబూ?"

"పడవ నంబరు."

"దీనికెక్కడిదయ్యా నంబరు. ఊదితే పడవ, తీస్తే సంచి."

గార్డు నవ్వలేదు. జేబులోంచి తీగ తీసి మోటారు తాడు చుట్టూ బిగించి దానికి సీలు వేశాడు. కట్లక్క అతని చేతుల వంక చూస్తూ నిలబడింది. "అవతల ఒకాయన కట్టు విప్పుకుని కూర్చుని ఉంటాడు నాయనా. ఇవాళ్టికి వెళ్ళొచ్చి ఆఫీసుకే వెళ్తాను" అని బతిమాలింది. "నాకు చెప్పి లాభం లేదమ్మా. పైవాళ్ళకి చెప్పుకోండి" అన్నాడు గార్డు. పైవాళ్ళంటే ఎంత పైనో అతనికీ తెలియదు.

మోటారు లేని పడవకి నంబరు అక్కర్లేదట. సరే కదా అని ఆమె తెడ్లు తీసింది. రబ్బరు పడవ తేలిక, నీళ్ళ మీద గాలి ఎటు వీస్తే అటు పోతుంది. నీళ్ళ మధ్య దాకా చెమటలు కక్కుకుంటూ వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎదురుగాలి ఆమెని నెమ్మదిగా, మర్యాదగా వెనక్కి తీసుకొచ్చి అదే రేవులో దింపింది. గార్డు ఒడ్డున నిలబడి చూస్తూనే ఉన్నాడు. దిగడానికి చెయ్యి కూడా అందించాడు. అంత మర్యాదస్తుడు.

ఆ వారం బస్సులో వెళ్ళింది. పోనీ అక్కడే ఉండిపోదామంటే ఈ ఒడ్డున ఒక వీపు, ఒక మడమ, ఇంకా ఎన్నో ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి. కట్టు ఎలా మార్చాలో మేస్త్రీ భార్య చేత చేయించి చూసి, పుండు కనపడకపోయినా చేత్తో తడిమి చెయ్యమని చెప్పి, మనసొప్పక వెనక్కి తిరిగి చూసుకుంటూ వచ్చేసింది. నంబరు తెచ్చుకుంటే అయిపోతుందిగా అనుకుంది.

పడవల ఆఫీసు ఒక పాత మేడలో పై అంతస్తులో ఉంది. నీళ్ళకి ఎంత దూరంగా పెట్టొచ్చో అంత దూరంగా పెట్టారు. గదిలో మూడు బీరువాలు, వాటి మీద దుమ్ము, గోడకి ఓడ బొమ్మ ఉన్న క్యాలెండరు. అధికారి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే చెడ్డవాడైతే తిట్టిపోసి మనసు తేలిక చేసుకోవచ్చు. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, దరఖాస్తు స్వయంగా తనే నింపుతానన్నాడు.

"వాడకం?"

"అంటే ఏంటి సార్?"

"పడవ దేనికి వాడతావమ్మా? వినోదానికా, వ్యాపారానికా?"

"కట్లు కట్టడానికి సార్."

"ఏం కట్లు?"

"పుళ్ళకి."

అధికారి కలం ఎత్తి పట్టుకుని ఆమె వంక చూశాడు. "ఇక్కడ రెండే గళ్ళున్నాయి తల్లీ. వినోదం, వ్యాపారం. డబ్బు తీసుకుంటావా?"

"తీసుకోను సార్."

"అయితే వినోదం."

"చీము పట్టిన కాలు కడగడం వినోదమా సార్?"

"వ్యాపారమని రాయమంటే రాస్తాను. అప్పుడు లైసెన్సున్న డ్రైవరుండాలి, ఈతగాడు ఒకడుండాలి, మంటలార్పే సిలిండరుండాలి. వాళ్ళిద్దరూ, ఆ సిలిండరూ ఎక్కాక నువ్వెక్కడ కూర్చుంటావు? నీ మంచికే చెప్తున్నా."

ఆమె మంచికే ఆయన వినోదం గడిలో టిక్కు పెట్టాడు. కట్లక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఊఁ అంది. ఆ ఊఁ అనే అలవాటే ఆమె కొంప ముంచిందని తర్వాత్తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

తర్వాత పడవని చూడాలన్నారు. తమ్ముడు షెడ్డు మూసుకుని, పడవ చుట్టచుట్టి ఆటోలో వేసుకుని, భుజాన మోసుకుంటూ మెట్లెక్కించాడు. అధికారి చూసి, "ఇది మూట. పడవేదీ?" అన్నాడు.

"ఇదే సార్. గాలి ఊదాలి" అన్నాడు తమ్ముడు.

"ఊది చూపించు."

"కింద ఖాళీ స్థలంలో ఊదుతాను సార్, మీరు ఒక్కసారి వచ్చి చూస్తే..."

"నేను ఆఫీసు దాటి చూడ్డమంటే తనిఖీకి వెళ్ళడం. దానికి వేరే దరఖాస్తు పెట్టాలి."

కాబట్టి పడవని ఆఫీసు వరండాలోనే ఊదారు. తమ్ముడు పంపు తొక్కుతుంటే అది గోడకీ గోడకీ మధ్య ఉబ్బి, దారంతా ఆక్రమించుకుని కూర్చుంది. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు దాన్ని దాటుకుంటూ వెళ్ళారు. ఆ ఆఫీసులో వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక్క బల్ల లేదు. పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్న ఒక పెద్దాయన పడవ అంచు మీద మెల్లగా కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంకొకామె. కాసేపటికి పడవ నిండిపోయింది. "ఇన్నాళ్ళకి ఆఫీసువాళ్ళు కూర్చోడానికి మంచి ఏర్పాటు చేశారు" అన్నాడు పెద్దాయన, మనసారా. కట్లక్కకి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. పడవ చేసిన పాటి మేలు కూడా ఆ ఆఫీసు జనానికి చెయ్యలేదు కదా అనుకుంది.

అధికారి లోపల్నుంచి వచ్చి టేపు పెట్టి కొలిచే లోపు ఆయనకి మీటింగు వచ్చింది. ఆ పూట తిరిగి రాలేదు. పడవ గాలి తీసి, చుట్టి, మోసుకుని దిగారు. మళ్ళీ వెళ్ళినప్పుడు పడవ తమ్ముడి పేరు మీద ఉంది కనక అక్క నడపడానికి అతని ఒప్పుదల కావాలన్నారు. తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఒప్పుకుంటున్నాను సార్" అన్నాడు. నోటి మాట చెల్లదన్నారు. ఇంకోసారి వెళ్తే ఒప్పుదల ఉంది గానీ టేపు లేదు, ఎవరో పట్టుకెళ్ళారు. కాళ్ళరిగేలా తిరగడమంటే ఏమిటో తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఆ మెట్లలో ఏ మెట్టు అంచు విరిగిందో తమ్ముడు కళ్ళు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాడు. మధ్యలో బస్సు చెడిపోయి ఆగిపోయింది. దాంతో ఆమె అవతలికి వెళ్ళే ఆ ఒక్క దారీ మూసుకుపోయింది.

వరండాలో ఊదిన పడవ మీద కూర్చుని, టేపు కోసం చూస్తున్న ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. మేస్త్రీ భార్య.

"వదినా, వాసనొస్తోంది."

కట్లక్క లేచి నిలబడింది. "రంగెలా ఉంది వదినా?"

"నాకు కనపడి చస్తేగా. మీ అన్నయ్య నల్లగా ఉందంటున్నారు. కానీ నొప్పి లేదట. పోయిన వారం నిద్రపోనివ్వలేదు, ఇప్పుడసలు నొప్పే లేదంటున్నారు."

నల్లబడ్డ వేలు నొప్పి మానిందంటే అది మానుతున్నట్టు కాదు, చచ్చిపోతున్నట్టని కట్లక్కకి తెలుసు. "వదినా, ఇప్పుడే ఎవరి లారీ అయినా అడిగి పెద్దాసుపత్రికి బయల్దేరండి. ఇప్పుడే. సామాను సర్దుకోవద్దు" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. పిలవకుండానే అధికారి గదిలోకి వెళ్ళి, ఆయన అడగకుండానే జరిగింది చెప్పింది.

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయ్యో పాపం" అన్నాడు. తర్వాత, "వాళ్ళు కాస్త ముందే జాగ్రత్తపడాల్సింది" అన్నాడు.

ముందే. ఎవరు జాగ్రత్తపడాలి, ఎలా పడాలి? చూపు ఆనని ఆ ఇల్లాలు తాళం వేసిన ఆరోగ్య కేంద్రం ముందు కూర్చుని జాగ్రత్తపడాలా? నడవలేని ఆ మనిషి నీళ్ళ మీద నడిచి రావాలా? జాగ్రత్తగా మానుతున్న కాలది. ఆ జాగ్రత్తకి తీగ చుట్టి సీలు వేసింది ఎవరు? ఇదంతా కట్లక్క గొంతు దాకా వచ్చింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. ఆమె ఆ నీళ్ళు తాగకుండా బయటికి వచ్చేసింది.

పెద్దాసుపత్రిలో మేస్త్రీ కుడి పాదం ముందు సగం తీసేశారు. వేళ్ళన్నీ పోయాయి. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. ఇంటికి పంపేటప్పుడు, కట్టు సరిగ్గా మారుస్తూ ఉండాలి, లేకపోతే మిగిలింది కూడా దక్కదని మరీ మరీ చెప్పాడు. ఒకప్పుడు తను పని చేసిన ఆ వార్డులోనే కట్లక్క మంచం పక్కన నిలబడి విన్నది. మేస్త్రీ ఆమె ముఖం చూసి, "పోన్లే చెల్లీ, ఇక నీకు సగం గుడ్డ చాలు" అన్నాడు. ఎప్పుడూ ఆయన మాటకి ఠక్కున మాట అందించే కట్లక్క ఆ రోజు వరండాలోకి వెళ్ళి, గోడకి తల ఆనించి, ఏడ్చింది. దిగులుతో కాదు. పళ్ళు పటపట కొరుకుతూ ఏడ్చింది.

మళ్ళీ అదే ఆఫీసు, అవే మెట్లు, వరండాలో మళ్ళీ ఊదిన పడవ. ఈసారి టేపు దొరికింది. కొలిచారు. సంతకాలయ్యాయి. కార్డు చేతిలో పెట్టారు. సగం కాగితమంత కార్డు, పైన ప్రభుత్వ ముద్ర, కింద నంబరు, మధ్యలో లావు అక్షరాలతో వాడకం: వినోదం. పడవలో ఉండాలి కనక తడవకూడదని, ప్లాస్టిక్‌లో వేయించమని చెప్పి అధికారి దగ్గరుండి వేయించాడు. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు లోపల్నుంచి ఒకతను రెండు ఇనప రేకులు, ఒక డ్రిల్లింగ్ మిషనూ పట్టుకుని వచ్చాడు.

"ఇదేంటి సార్?" అంది కట్లక్క.

"నంబరు ప్లేట్లు. ముందు భాగంలో రెండు పక్కలా శాశ్వతంగా బిగించాలి. రివెట్లు కొడతాడు."

"సార్, ఇది గాలి పడవ."

"తెలుసమ్మా."

తెలుసు. అదే ఘోరం. తెలియనివాడికైతే చెప్పుకోవచ్చు. తమ్ముడు చేతులు అడ్డం పెట్టి, వెనక చెక్క ఉంది, దానికి ఎన్ని రేకులైనా కొట్టుకోండి అన్నాడు. వెనక కుదరదు, ముందు పక్కే ఉండాలని రూల్లో ఉందన్నారు. రంగుతో రాస్తామన్నాడు. రంగు శాశ్వతం కాదు. రేకు తెచ్చినతను కాస్త మంచి మనసుతో, "పోనీ గాలి తీసేశాక కొట్టనా సార్?" అన్నాడు. "పడవ నీళ్ళలోకి దిగడానికి సిద్ధంగా ఉన్న స్థితిలోనే బిగించాలి" అన్నాడు అధికారి.

అప్పుడు కట్లక్క ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు పెంచలేదు.

"సార్, మా ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకి కూడా నంబరు వేస్తాం. పిల్లలు మారిపోకూడదు కదా. చేతికి దారంతో కడతాం సార్. మేకు దిగ్గొట్టం."

అధికారి ముఖంలో నవ్వొచ్చింది. మెచ్చుకోలుగా తలూపాడు. "బాగా చెప్పావమ్మా" అన్నాడు. అని, రేకు పట్టుకున్నతని వంక చూసి కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

మిషన్ గుర్రుమంది. కుడి పక్క రబ్బరులోకి దిగింది. బయటికి తీయగానే సన్నగా మొదలైన చప్పుడు బుస్సుమని పెరిగి వరండా అంతా వినిపించింది. ఆ రోజూ వచ్చి అంచు మీద కూర్చున్న పెద్దాయన నెమ్మదిగా కిందికి దిగిపోతూ, లేవాలో వద్దో తేల్చుకోలేక చుట్టూ చూశాడు. రేకు పట్టుకున్నతను చెప్పిన పని చెప్పినట్టు ఆ బెజ్జం మీద రేకు పెట్టి రివెట్ కొట్టేశాడు. తల దించుకుని ఎడమ పక్కకి వచ్చాడు.

ఎడమ పక్కన కట్లక్క ఉంది. బోర్లా పడుకుని, రెండు చేతులూ చాచి ఆ పక్కంతా వాటేసుకుంది. జుట్టు ఊడిపోయి ముఖం మీద పడింది. జీవితమంతా ఊఁ కొట్టిన మనిషి. "కొట్టండి. ముందు నా వీపులోంచి దించి తర్వాత దీనికి కొట్టండి" అంది. ఇంటి గిన్నెలు తప్ప ఎవరూ వినని గొంతది. తమ్ముడు కూడా అక్కని అలా చూడటం అదే మొదలు. వరండాలో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. అధికారి ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "సర్లే, సర్లే. రెండోది ప్రస్తుతానికి తాడుతో కట్టుకోండి" అన్నాడు.

కట్లక్క తలెత్తింది. "తాడుతో కట్టొచ్చా సార్?"

"తాత్కాలికంగా."

"మరి మొదటిది కూడా కట్టొచ్చుగా?"

"మొదటిది అయిపోయిందిగా" అన్నాడాయన. లోపలికి వెళ్తూ ఆగి, గుర్తొచ్చినట్టు ఇంకో మాట చెప్పాడు. పడవకి ఏ రిపేరు చేయించినా మళ్ళీ తనిఖీకి తీసుకురావాలి, లేకపోతే ఇచ్చిన నంబరు చెల్లదు. ఆ మాట చెప్పి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అంటే పడవకి బెజ్జం పెట్టినది వాళ్ళే, ఆ బెజ్జం పూడిస్తే తప్పు ఈమెది. బెజ్జంతో ఉంటే నంబరు చెల్లుతుంది, పడవ తేలదు. బెజ్జం పూడిస్తే పడవ తేలుతుంది, నంబరు చెల్లదు. దీన్ని కూర్చుని ఆలోచించి రాసిన బుర్రలకి ఎవరైనా జీతాలిచ్చి పోషిస్తున్నారంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఇస్తున్నారు. నెలనెలా ఇస్తున్నారు.

షెడ్డులో తమ్ముడు రివెట్ ఊడబెరికాడు. రబ్బరు చీలికలా తెరుచుకుంది. సొల్యూషన్ పూసి, పంచరు ముక్క అతికించి, దాని మీద ఇంకోటి అతికించాడు. కట్లక్క పక్కన కూర్చుని, ముక్క అంచులు గట్టిగా నొక్కి పట్టుకుంది. "ఇది ఆగుతుందా రా?" అని అడిగింది. "పూర్తిగా ఆగదక్కా. రబ్బరు చిరిగిపోయింది. పంపు దగ్గర పెట్టుకో, మధ్యలో ఊదుకుంటూ వెళ్ళు" అన్నాడు తమ్ముడు. రెండు రేకుల్నీ పురికొసతో కట్టేశాడు. మరదలు వచ్చి చూసి, టీ పెట్టి ఇచ్చింది.

మర్నాడు రేవులో అదే గార్డు. పడవ కుడి పక్క మెత్తబడి కాస్త వంగి ఉంది. చెవి పెడితే సన్నటి బుస వినిపిస్తుంది. గార్డు చెవి పెట్టలేదు. రేకు మీద నంబరు చూశాడు, కార్డు అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చదివాడు. మోటారు మీద సీలు తనే కత్తిరించాడు.

"చూశారా అమ్మా, ఎంత తేలిగ్గా అయిపోయిందో" అన్నాడు. గాలి నిండి రాయిలా గట్టిగా ఉన్న పడవని అడ్డగించిన అదే మనిషి, గాలి పోతున్న పడవకి సెల్యూట్ కొట్టాడు. "వినోదమని ఉంది. హాయిగా తిరిగి రండి."

కట్లక్క ఊఁ అనలేదు. మోటారు తాడు లాగింది. నీళ్ళ మధ్యలో మోటారు ఆపి పంపు తొక్కింది, మళ్ళీ మోటారు వేసింది, మళ్ళీ ఆపి తొక్కింది. అవతలి ఒడ్డు చేరేసరికి ఆమె చీర అంచు తడిసింది, సంచి మాత్రం ఒళ్ళో పొడిగా ఉంది.

మేస్త్రీ గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమెని చూడగానే ముఖం విప్పారింది.

"నంబరొచ్చిందా చెల్లీ?"

"వచ్చిందన్నయ్యా."

"ఏదీ, చూపించు."

కార్డు చేతికిచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. ఒక చోట ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. కార్డు తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు.

"ఉండు వదినా, షీటు తెస్తా" అని మేస్త్రీ భార్య గోడ పట్టుకుని లేవబోయింది.

"వద్దు వదినా. కూర్చోండి. ఇదుందిగా, తడవదట" అంది కట్లక్క.

కట్టు విప్పింది. స్టూలు మీద ముద్ర పైకి వచ్చేలా ఆ కార్డు పరిచి, మేస్త్రీ పాదాన్ని రెండు చేతుల్తో ఎత్తి దాని మీద పెట్టింది. సెలైన్ పోసి కడగడం మొదలుపెట్టింది. లోపల కోపం బోలెడుంది, చేతులు మాత్రం విసురుగా కదల్లేదు. చీమూ నీళ్ళూ ముద్ర మీదుగా, నంబరు మీదుగా, వినోదం మీదుగా పారాయి. వేళ్ళున్న రోజుల్లో ఆ పాదం అంత చిన్న కార్డు మీద పట్టేది కాదు. ఇప్పుడు సరిగ్గా పట్టింది.